సీటు ఖాయం చేసుకునే ముందు వేయాల్సిన లెక్క: అప్పు లేకుండా కాలేజీ చదువు

పత్తి పైసలు నవంబరు దాటాక చేతికొస్తాయి. మిర్చి పైసలు ఫిబ్రవరి నుంచి మొదలవుతాయి. కాలేజీ ఫీజు మాత్రం జులై, ఆగస్టుల్లో కట్టమంటారు. సరిగ్గా అప్పుడే విత్తనాలకు, ఎరువులకు, కూలీలకు ఇంట్లో ఉన్నదంతా పోయి ఉంటుంది. అందుకే వరంగల్, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు చదువు అప్పు అనేది చాలా ఇళ్లలో బ్యాంకు లోను రూపంలో కనిపించదు. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన లక్ష, కుదువపెట్టిన బంగారం, అవసరానికి ముందే ఎత్తిన చిట్టీ రూపంలో ఉంటుంది. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. లక్ష తెచ్చి కట్టకుండా ఉంచితే నాలుగేళ్ల ఇంజినీరింగ్ ముగిసేసరికి మిత్తి ఒక్కటే 96 వేలవుతుంది, అదీ మిత్తి మీద మిత్తి వేయకుంటేనే.

ఈ అప్పు పడాలా వద్దా అనేది చాలావరకు ఇంటర్ ఫలితాలకూ సీటు ఖాయమయ్యే రోజుకూ మధ్య ఉన్న కొన్ని వారాల్లోనే తేలిపోతుంది. ఏ కాలేజీని ముందు పెట్టాం, ఏ కోటాలో చేరాం, ఏ కాగితం ఎప్పుడు తెచ్చాం అన్నవే నాలుగేళ్ల ఖర్చును తేలుస్తాయి. ఆ తర్వాత వచ్చే స్కాలర్‌షిప్పులు సాయం చేస్తాయి కానీ, తప్పు సీటు వల్ల పడ్డ గుంతను పూడ్చలేవు.

ఫీజు రీయింబర్స్‌మెంట్: ఎవరికి ఎంత

ఈ-పాస్ అంటే తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల పోర్టల్. దాని కింద రెండు వేర్వేరు డబ్బులు వస్తాయి. ట్యూషన్ ఫీజు కాలేజీ ఖాతాకు వెళ్తుంది, దాన్నే ఆర్‌టీఎఫ్ అంటారు. మెయింటెనెన్స్ డబ్బు విద్యార్థికి ఉద్దేశించింది, దాన్ని ఎంటీఎఫ్ అంటారు. ఆఫీసులో "స్కాలర్‌షిప్ వచ్చింది" అన్నప్పుడు ఏది వచ్చిందో అడిగి తెలుసుకోవాలి, లేకుంటే లెక్క తప్పుతుంది.

ఆదాయ పరిమితి ఎస్సీ, ఎస్టీలకు ఏడాదికి 2 లక్షలు. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాలు), మైనారిటీలకు ఊళ్లలో లక్షా 50 వేలు, పట్టణాల్లో 2 లక్షలు. ఓసీ కుటుంబాలు చాలామంది తమకిది వర్తించదని దరఖాస్తే చేయరు. ఆదాయం పరిమితిలో ఉంటే వాళ్లకు ఈబీసీ కింద వర్తిస్తుంది.

అసలు మెలిక ఇంజినీరింగ్‌లో ఉంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కన్వీనర్ కోటా (కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే) సీటుకు ఫీజుల కమిటీ ఖరారు చేసిన ఫీజు మొత్తం ప్రభుత్వమే భరిస్తుంది. బీసీ, ఈబీసీలకు ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 10 వేల లోపు ర్యాంకు ఉంటే మొత్తం ఫీజు వస్తుంది. ర్యాంకు అది దాటితే గరిష్ఠంగా 35 వేలే. ఈ 35 వేలు ఏళ్ల నుంచి అక్కడే ఆగింది. కాలేజీ ఫీజులు మాత్రం మూడేళ్లకోసారి మారుతూ వచ్చాయి. 2022లో ఖరారైన ఫీజుల్లోనే కనిష్ఠం 45 వేలు, పెద్ద కాలేజీల్లో లక్షన్నర దాటింది.

25 వేల ర్యాంకు వచ్చిన బీసీ అమ్మాయిని ఊహించుకోండి. లక్ష రూపాయల ఫీజున్న కాలేజీలో చేరితే ప్రభుత్వం ఇచ్చేది 35 వేలు, ఇల్లు కట్టేది 65 వేలు. నాలుగేళ్లకు 2 లక్షల 60 వేలు. 50 వేల ఫీజున్న కాలేజీలో అదే బ్రాంచీ తీసుకుంటే ఏడాదికి 15 వేలు, నాలుగేళ్లకు 60 వేలు. రెండింటి మధ్య తేడా రెండు లక్షలు. పేరున్న కాలేజీకి ఆ రెండు లక్షలు తగునా తగదా అనేది ఎవరింటి సంగతి వాళ్లది. కానీ ఆ అంకె వెబ్ ఆప్షన్లు పెట్టేనాడే కాగితం మీద ఉండాలి. ప్రతి ఆప్షన్ పక్కన కమిటీ ఫీజు, అందులోంచి తీసేయాల్సిన రీయింబర్స్‌మెంట్, మిగిలేది, దాన్ని నాలుగుతో గుణించిన మొత్తం రాసుకోండి. మొదటి రోజే ఈ పట్టిక తయారైతే ఆప్షన్ల వరుస దానంతటదే మారుతుంది.

రీయింబర్స్‌మెంట్ అసలే రాని సీట్లు మూడు రకాలు. మేనేజ్‌మెంట్ కోటా మొదటిది. కౌన్సెలింగ్ ముగిశాక కాలేజీలు నేరుగా నింపుకునే స్పాట్ సీట్లు రెండోది. "స్పాట్‌లో ఫీజు తక్కువ, తర్వాత స్కాలర్‌షిప్ పెట్టిస్తాం" అని చెప్పినా అది రాదు. మూడోది ప్రైవేటు యూనివర్సిటీలు. నిన్నటిదాకా జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీగా ఉండి ఇవాళ యూనివర్సిటీగా మారిన సంస్థలు మన దగ్గరా ఉన్నాయి. పాత పేరు చూసి పాత నిబంధనే ఉందనుకుని చేరేవాళ్లున్నారు. అక్కడ ఫీజు కమిటీ పరిధీ ఉండదు, ఈ-పాస్ కూడా ఉండదు.

ఇంటర్ పరీక్షలు ముగియగానే ఊళ్లలో ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు తిరుగుతారు. "మీరు ఒక్క రూపాయి కట్టేది లేదు" అంటారు. ఆ మాటను కాలేజీ లెటర్‌హెడ్ మీద, సంతకంతో, ఏడాదివారీ ఫీజుతో రాసివ్వమనండి. రాసివ్వకుంటే ఆ మాటను లెక్కలోకి తీసుకోవద్దు. రాసిచ్చేదాకా ఒరిజినల్ మెమోలు వాళ్ల చేతికి ఇవ్వకండి.

బకాయిలు, సర్టిఫికెట్లు

రీయింబర్స్‌మెంట్ మంజూరు కావడం వేరు, డబ్బు కాలేజీకి చేరడం వేరు. ట్రెజరీలో బిల్లుకు టోకెన్ నంబరు పడ్డాక కూడా నెలలు, కొన్నిసార్లు ఏళ్లు గడుస్తున్నాయి. 2025 నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు రాష్ట్రమంతటా బంద్ చేశాయి. ఈ ఆలస్యం భారం చివరికి విద్యార్థి మీద పడుతుంది. కోర్సు పూర్తయి ఉద్యోగానికో పీజీకో వెళ్లబోతుంటే "ప్రభుత్వం ఇవ్వలేదు, మీరు కట్టి టీసీ తీసుకోండి, వచ్చాక ఇస్తాం" అంటారు. అప్పటిదాకా అప్పు లేకుండా వచ్చిన కుటుంబం ఆ వారంలో మిత్తికి తెస్తుంది.

దీనికి ముందే కొంత కట్టుదిట్టం చేసుకోవచ్చు. ఏ విద్యార్థి ఒరిజినల్ సర్టిఫికెట్లనూ సంస్థ తన దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. చేరేటప్పుడు పరిశీలించి వెంటనే తిరిగివ్వాలి. ఈ నిబంధనను చేరే రోజే చెప్పడం సులువు, నాలుగేళ్ల తర్వాత చెప్పడం కష్టం. అప్పుడు కూడా డబ్బు కట్టక తప్పకపోతే "ఆర్‌టీఎఫ్ అందితే తిరిగి చెల్లించే షరతుతో" అని రాసిన రసీదు తీసుకోవాలి. ఉత్త రసీదు తీసుకుంటే తర్వాత ఆ డబ్బు అడగడానికి ఆధారం ఉండదు. ఏ ఏడాది ఎంత మంజూరైందో ఈ-పాస్‌లో దరఖాస్తు స్థితి కింద కనిపిస్తుంది. ఏటా ఆ పేజీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి.

దరఖాస్తు ఎక్కడ ఆగుతుంది

ఈ-పాస్ దరఖాస్తు నింపడానికి గంట చాలు. ఆగేది ఆ తర్వాతి మెట్ల దగ్గర. ఆన్‌లైన్‌లో నింపి, ప్రింటు తీసి, జిరాక్సులతో కాలేజీలో ఇవ్వాలి. కాలేజీ విద్యార్థి వేలిముద్రతో ధ్రువీకరించి జిల్లా సంక్షేమాధికారి కార్యాలయానికి పంపాలి. అక్కడ పరిశీలన, మంజూరు, ఆపై ట్రెజరీ. నింపేసి ఇంటికొచ్చి "అప్లై చేశాం" అనుకునేవాళ్ల దరఖాస్తు కాలేజీ లాగిన్‌లోనే పడి ఉంటుంది. పదిహేను రోజులకోసారి స్థితి చూస్తూ, ఏ మెట్టు దగ్గర ఉందో ఆ ఆఫీసును అడగాలి. కాలేజీ దగ్గరే ఆగిన దాని కోసం సంక్షేమ శాఖ ఆఫీసు చుట్టూ తిరిగి ఫలితం లేదు.

ఎక్కువ దరఖాస్తులను ఆపేది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. లేదా పుట్టిన తేదీ తేడా. ఆధార్ సవరణకు రోజులు పడతాయి కాబట్టి ఇంటర్ రెండో ఏడాదిలోనే సరిచేయించాలి. మెమోను ప్రమాణంగా పెట్టుకుని ఆధార్‌ను దానికి సరిపెట్టాలి, ఎందుకంటే మెమో మార్చడం అంతకంటే చాలా కష్టం.

తర్వాతది బ్యాంకు ఖాతా. "ఆధార్ లింక్ అయింది" అని బ్యాంకులో చెప్పినా డబ్బు పడకపోవడానికి కారణం, ఖాతాకు ఆధార్ నంబరు చేర్చడం, ఎన్‌పీసీఐ (జాతీయ చెల్లింపుల సంస్థ) మ్యాపర్‌లో, అంటే ఏ ఆధార్‌కు ఏ బ్యాంకు అని చూపే జాబితాలో, ఆ ఖాతాను నమోదు చేయడం రెండు వేర్వేరు పనులు కావడం. ప్రభుత్వ డబ్బు ఆధార్ ఆధారంగా వచ్చినప్పుడు మ్యాపర్‌లో చివరగా నమోదైన బ్యాంకుకే వెళ్తుంది. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో స్కాలర్‌షిప్ పడి ఉండటం తరచూ జరిగేదే. బ్యాంకులో "డీబీటీ కోసం ఎన్‌పీసీఐ సీడింగ్" అని అడిగి ఫారం ఇవ్వండి.

ఆదాయ ధ్రువపత్రం మీ-సేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు నుంచి వస్తుంది. ఫలితాలొచ్చాక అందరూ ఒక్కసారే వస్తారు కాబట్టి ఫలితాలకు ముందే చేసేయడం మంచిది. కులం పత్రం, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కూడా అప్పుడే ఒకచోట చేర్చండి.

ఒకసారి మంజూరైతే నాలుగేళ్లూ దానంతటదే వస్తుందనుకోవద్దు. ఏటా రెన్యువల్ ఉంటుంది, 75 శాతం హాజరు ఉండాలి, డిటెయిన్ అయిన (పై తరగతికి పంపకుండా ఆపేసిన) ఏడాదికి డబ్బు రాదు. ఒక కోర్సు ఏడాది చదివి మానేసి, అదే స్థాయిలో మరో కోర్సు మొదటి నుంచి చేరితే అర్హత చిక్కుల్లో పడుతుంది. "ఈ ఏడాది ఇక్కడ చేరి, నచ్చకపోతే వచ్చే ఏడాది మార్చుకుందాం" అనే ఆలోచన ఖర్చుతో కూడుకున్నది.

ఫీజే తక్కువున్న దారులు

రీయింబర్స్‌మెంట్ కోసం ఎదురుచూడటం కంటే, అసలు ఫీజే తక్కువున్న సీటు కుటుంబానికి ఎక్కువ నిశ్చింతనిస్తుంది. హనుమకొండలో సుబేదారి ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ, కాకతీయ ప్రభుత్వ కాలేజీ, వడ్డేపల్లిలో పింగిళి మహిళా కాలేజీ, వరంగల్‌లో సీకేఎం కాలేజీ ఉన్నాయి. వీటిలో డిగ్రీ ఫీజు ప్రైవేటు కాలేజీల పక్కన పెడితే చాలా తక్కువ. ప్రవేశం డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ పోర్టల్ దోస్త్ ద్వారానే. మొదటి విడతకు రిజిస్ట్రేషన్ 200 రూపాయలు, తర్వాతి విడతలకు 400. ఆలస్యం చేస్తే రుసుము రెట్టింపవడమే కాదు, ప్రభుత్వ కాలేజీల్లో గిరాకీ ఉన్న కోర్సులు మొదటి విడతలోనే నిండుతాయి. ఒక జాగ్రత్త: ప్రభుత్వ కాలేజీల్లో, యూనివర్సిటీలో కూడా కొన్ని కోర్సులు సెల్ఫ్ ఫైనాన్స్ కింద, అంటే విద్యార్థుల ఫీజుతోనే, నడుస్తాయి. బోర్డు సర్కారుదే అయినా ఆ ఫీజు ఎక్కువ. ఆప్షన్ పెట్టేముందు కోర్సు పేరు పక్కన ఆ మాట ఉందేమో చూడాలి.

అమ్మాయిలకు సాంఘిక, గిరిజన సంక్షేమ గురుకుల డిగ్రీ కాలేజీలున్నాయి. చదువు, వసతి, భోజనం అన్నీ ఉచితం. బీసీ గురుకులాలకూ డిగ్రీ కాలేజీలున్నాయి. అక్కడ సీటు వస్తే మూడేళ్ల ఖర్చు దాదాపు సున్నాకు వస్తుంది. ఇంత మంచి అవకాశం గురించి ఊళ్లలో ఇంకా తగినంత తెలియకపోవడం బాధాకరం.

పదో తరగతిలో ఉన్న పిల్లలకు ఇంకా రెండు దారులు తెరిచే ఉంటాయి. నిర్మల్ జిల్లా బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి ఫలితం ఆధారంగానే ఆరేళ్ల బీటెక్ సీటు వస్తుంది, ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు అదనపు వెయిటేజీ ఉంటుంది. ఇంటర్ ఫీజు, కోచింగ్ ఫీజు రెండూ మిగులుతాయి. ఇంకొకటి పాలిసెట్ రాసి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చేరడం. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. మొత్తం ఆరేళ్లే, ఇంటర్ చదివి బీటెక్ చేసినా ఆరేళ్లే. కానీ మూడేళ్లకే చేతిలో ఒక అర్హత ఉంటుంది, ఇంట్లో పరిస్థితి బాగాలేకపోతే అక్కడ ఆగి ఉద్యోగం చూసుకోవచ్చు. కార్పొరేట్ ఇంటర్ కాలేజీలకు రెండేళ్లలో పోసే డబ్బుతో పోలిస్తే ఇది ఎంతో నిబ్బరమైన దారి.

వైద్య విద్యలో తేడా మరీ పెద్దది. ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ ఫీజు ఏడాదికి 10 వేలు, ప్రైవేటులో కన్వీనర్ సీటు 60 వేలు, బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) పదకొండు లక్షల పైమాటే.

పరిమితి దాటిన కుటుంబాలు

ఆదాయం రెండు లక్షలు దాటి, ఎనిమిది లక్షల లోపున్న ఇళ్లే అప్పుల్లో ఎక్కువ ఇరుక్కుంటాయి. చిన్న ప్రైవేటు ఉద్యోగి, కిరాణా కొట్టు యజమాని, ఆటో ఫైనాన్స్ కడుతున్నవాళ్లు ఇందులోనే ఉంటారు. ఈ-పాస్ వాళ్లకు లేదు, కానీ వేరేవి ఉన్నాయి.

కాజీపేట దగ్గరున్న ఎన్‌ఐటీలో బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి లక్షా 25 వేలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అది పూర్తిగా మాఫీ. కులంతో సంబంధం లేకుండా కుటుంబ ఆదాయం లక్ష లోపుంటే మొత్తం, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. అంటే కట్టాల్సింది ఏడాదికి దాదాపు 41,700. సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకే. జేఈఈ మెయిన్ ర్యాంకున్నా "ఎన్‌ఐటీ ఖర్చు మనవల్ల కాదు" అని పక్కన పెట్టే తల్లిదండ్రులు ముందు ఈ లెక్క చూడాలి. హాస్టల్, మెస్ మాత్రం వేరుగా కట్టాలి.

టెక్నికల్ కోర్సులో మొదటి ఏడాది చేరిన అమ్మాయిలకు ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఆదాయం 8 లక్షల లోపు, ఏడాదికి 50 వేలు, ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల దాకా. దివ్యాంగులకు అదే మొత్తం సక్షమ్ కింద వస్తుంది. ఇంటర్ బోర్డులో మొదటి 20 శాతం మందిలో ఉండి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపుంటే కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ డిగ్రీలో ఏడాదికి 12 వేలు ఇస్తుంది. ఇవన్నీ జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే. ముందు ఓటీఆర్ (ఒక్కసారి చేసే రిజిస్ట్రేషన్) నంబరు తీసుకోవాలి. ఇవి రీయింబర్స్‌మెంట్‌తో కలిపి తీసుకునేవి కావు. రెండింటికీ అర్హత ఉంటే మొత్తం కాలానికి ఏది ఎక్కువో చూసి ఒకటే ఎంచుకోవాలి. రెండూ పెట్టి, తర్వాత అది బయటపడితే వచ్చింది కూడా వెనక్కి కట్టాల్సి రావచ్చు.

ప్రైవేటు ట్రస్టుల్లో రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ కాలమంతటికీ 2 లక్షల దాకా ఇస్తుంది. ఆదాయ పరిమితి 15 లక్షలు, ఇంటర్‌లో 60 శాతం మార్కులు, ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది. పదో తరగతి, ఇంటర్ రెండూ సర్కారు సంస్థల్లోనే చదివిన అమ్మాయిలకు అజీం ప్రేమ్‌జీ స్కాలర్‌షిప్ ఏడాదికి 30 వేలు. 2025లో తెలంగాణ కూడా దాని జాబితాలో ఉంది.

బీడీ కార్మికుల పిల్లల సంగతి విడిగా చెప్పాలి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌లలో వేల ఇళ్లలో తల్లి బీడీలు చుడుతుంది. ఆమెకు గుర్తింపు కార్డు ఉండి, కనీసం ఆరు నెలల సర్వీసు ఉంటే, కేంద్ర కార్మిక శాఖ పిల్లల చదువుకు తరగతిని బట్టి వెయ్యి నుంచి 25 వేల దాకా ఇస్తుంది. ప్రొఫెషనల్ కోర్సుకు వచ్చేది ఆ 25 వేలే. కార్డు లేకపోవడం, ఉన్నా రెన్యువల్ కాకపోవడం వల్లనే చాలామందికి ఇది అందదు.

వసతి, బస్సు

ఫీజు సున్నా అయినా హాస్టల్ అప్పు తెప్పిస్తుంది. హనుమకొండలో ప్రైవేటు హాస్టల్‌కు నెలనెలా కట్టేదంతా కలిపితే చాలా డిగ్రీ కోర్సుల ఏడాది ట్యూషన్ కంటే ఎక్కువ. సంక్షేమ శాఖల కాలేజీ హాస్టళ్లలో సీటు దొరికితే ఇది తప్పుతుంది. అక్కడ ఒక్కో విద్యార్థికి నెల మెస్ చార్జీని ప్రభుత్వం 2024లో 1,500 నుంచి 2,100కు పెంచింది. కాలేజీలో చేరిన వారంలోనే వార్డెన్‌ను కలవాలి.

2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు చార్జీ లేదు. నర్సంపేట, పరకాల, వర్ధన్నపేట నుంచి రోజూ హనుమకొండ వచ్చే అమ్మాయికి ప్రయాణ ఖర్చు పోయినట్టే. అబ్బాయిలకు ఆర్టీసీ స్టూడెంట్ పాస్ ఉంది. గంట, గంటంపావు ప్రయాణం దాటనంతవరకు ఇంటి నుంచే రావడం మేలు. అంతకు మించితే హాజరు 75 శాతం దగ్గర ఊగిసలాడుతుంది, రీయింబర్స్‌మెంట్‌కే ముప్పొస్తుంది.

డబ్బు ఏ నెలలో కావాలి

యాసంగి వడ్ల డబ్బు ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. కాలేజీ ఫీజు కట్టే సమయానికి దగ్గరగా వచ్చే ఆదాయం అదొక్కటే. దాంట్లోంచి ఏడాది ఫీజులో మిగిలే భాగం, పరీక్ష ఫీజులు, పుస్తకాల ఖర్చు తీసి వేరే ఖాతాలో వేస్తే జులైలో మిత్తికి వెళ్లే అవసరం తగ్గుతుంది. పత్తి మీదే ఆధారపడ్డ ఇల్లయితే కాలేజీని రెండు వాయిదాలు అడగాలి, ఒకటి ఆగస్టులో చిన్నది, రెండోది జనవరిలో పెద్దది. చేరేముందు ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇస్తే ఒప్పుకునే కాలేజీలు ఉన్నాయి. చేరాక అడిగితే వినరు.

చిట్టీ వేస్తున్నవాళ్లు సగం గడవకముందే పాట పాడి ఎత్తితే పోగొట్టుకునే తగ్గింపు పెద్దది, అది మిత్తితో సమానం. పిల్లల డిగ్రీ ఏ ఏడాది మొదలవుతుందో చూసుకుని, చిట్టీ ఆఖరి నెలలు ఆ జూన్‌కు పడేలా చేరాలి. రిజిస్టరు కాని చిట్టీలో ఫీజు డబ్బు పెట్టవద్దు. ఆడపిల్ల పదేళ్ల లోపుంటే సుకన్య సమృద్ధి ఖాతా ఇంకా మంచిది. నెలకు వెయ్యి చొప్పున 15 ఏళ్లు కడితే, 2024 నుంచి ఉన్న 8.2 శాతం వడ్డీ లెక్కన సుమారు మూడున్నర లక్షలవుతుంది. పద్దెనిమిదేళ్లు నిండాక చదువుకోసం నిల్వలో సగం తీసుకోవచ్చు.

ఇన్ని చేసినా కొంత తగ్గితే, ఆ తగ్గినంత మేరకే బ్యాంకుకు వెళ్లండి. 2024 చివర్లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన సంస్థల్లో చేరినవాళ్లకు పూచీకత్తు లేకుండా లోను ఇస్తారు. ఆదాయం 8 లక్షల లోపుంటే, 10 లక్షల దాకా లోనుకు చదివే కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఏడాది ఫీజంతా కాకుండా, వెబ్ ఆప్షన్ల కోసం వేసుకున్న పట్టికలో ఇంకా మిగిలిన అంకె చూపించి అంతకే అడగండి.